చూరు కింద చోటు

పాఠ్యభాగ ఉద్దేశం

మనిషి కట్టుకొన్న ఇల్లు మనిషికే కాక అనేక చిన్న ప్రాణులకు కూడా ఆశ్రయమని, గృహనిర్మాణ రీతులు మారితే ఆ ప్రాణుల జీవనం కూడా మారుతుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. కట్టడాలలో నివసించే పక్షులను కాపాడేందుకు మన రాష్ట్రంలోనూ ఇతర ప్రాంతాలలోనూ ప్రజలు సమష్టిగా చేసిన కృషిని ఇందులో తెలుసుకొంటాం.

పాఠ్యభాగం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని తెలిపే సామెత ఇది. పునాది మొదలు పైకప్పు వరకు ప్రతి అంగుళానికీ లెక్క వేసుకొని మనిషి ఇల్లు కట్టుకొంటాడు. అయితే అనుమతి అడగకుండా, అద్దె చెల్లించకుండా ఆ ఇంటిలో కాపురం పెట్టే జీవులు కొన్ని ఉన్నాయి. దూలం సందులో పిచ్చుక, గోడమూలలో సాలీడు, దేవాలయం కప్పు కింద గబ్బిలం అటువంటివే. మన లెక్కలో వాటికి చోటు లేదు. కాని మన లెక్క మారినప్పుడల్లా వాటి బ్రతుకు తలకిందులవుతుంది.

ప్రకాశం పశ్చిమ ప్రాంతమైన దర్శి, మార్కాపురం, గిద్దలూరు సీమలను చూడండి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు దర్శి నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. అందుచేత ఇక్కడి పాత ఇళ్ళలో రెండు సీమల పోకడలు కనిపిస్తాయి. ఒకవైపు తాటాకు పాకలు, పెంకుటిళ్ళు. నల్లమల అడవి దిక్కున బోదకొట్టాలు, మట్టిమిద్దెలు, నాపరాతి కప్పులు. ఇవి రూపంలో వేరైనా ఒక విషయంలో మాత్రం ఒకటే. వీటన్నిటిలో సందులుండేవి. గోడకూ దూలానికీ నడుమ జానెడు ఖాళీ, పెంకుల కింద నీడ, చూరు కింద చల్లదనం ఉండేవి. ఇంటి యజమాని వదిలిన ఆ సందే పిట్టకు సంసారం.

నేను చదువుకొన్న ప్రాథమిక పాఠశాల దర్శి సమీపంలోని ఒక చిన్న పల్లెలో ఉండేది. పాత కట్టడం. దాని వరండా కప్పు కింద, గోడా దూలమూ కలిసేచోట, గడ్డిపోచలతోనూ ఈకలతోనూ చేసిన గూళ్ళు ఒకదానికొకటి అతుక్కొని పెద్ద ముద్దలా కనిపించేవి. సాయంకాలం బడి విడిచే వేళకు నల్లని చిన్న పిట్టలు గుంపుగా కీచుమంటూ బడిచుట్టూ తిరిగేవి. ఒక ఏడాది వేసవి చివర, బడి తెరవడానికి ముందు గోడలకు సున్నం వేయించారు. పనివాళ్ళు పొడవాటి వెదురుకర్రతో ఆ ముద్దను రాల్చివేశారు. నేలపై పడినవాటిలో సగం ఈకలు వచ్చిన పిల్లలు నాలుగైదు ఉన్నాయి. చూస్తున్న మేము చప్పట్లు కొట్టాం. నేను ఒక పిల్లను చేతిలోకి తీసుకొని, పిట్ట గనుక ఎగురుతుందనుకొని గాలిలోకి విసిరాను. అది రాయిలా తిరిగి నేలపై పడింది. ఆ తరువాత మూడు నాలుగు రోజులపాటు పెద్దపిట్టలు గూడులేని ఆ మూలకు వచ్చి, గోడను తాకి, తిరిగిపోతూనే ఉన్నాయి. ఎవరికీ వాటిపై పగ లేదు. అవి ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆనాటి తప్పు.

ఆ పిట్ట పేరు నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. ఆంగ్లంలో దానిని స్విఫ్ట్ అంటారు. మన ఊళ్ళలో పలువురు దానినీ వానకోయిలనూ ఒకటిగానే భావిస్తారు. ఉర్దూలోని 'అబాబీల్' అన్న పేరు కూడా ఈ రెండింటికీ వాడతారు. ఆకాశంలో చూసినప్పుడు ఒకేవిధంగా కనిపించినా ఇవి వేర్వేరు కుటుంబాలకు చెందినవి. వానకోయిల కరెంటు తీగపై వాలుతుంది. స్విఫ్ట్ వాలలేదు. దాని కాళ్ళు మిక్కిలి పొట్టివి. వాడిగోళ్ళతో నిలువుగోడను పట్టుకొని వేలాడడానికే తప్ప కొమ్మపై కూర్చోవడానికి ఆ కాళ్ళు పనికిరావు. ఈ కుటుంబానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు మూలం గ్రీకు భాషలో 'పాదాలు లేనిది' అన్న అర్థమిచ్చే మాట.

స్విఫ్ట్ జీవితమంతా గాలిలోనే గడుస్తుంది. ఎగిరే పురుగులే దానికి ఆహారం. నీటిపై తేలిపోతూనే దప్పిక తీర్చుకొంటుంది. గాలిలో కొట్టుకొనివచ్చే ఈకను, గడ్డిపోచను పట్టి, తన లాలాజలంతో అతికించి గూడు కడుతుంది. ఐరోపాలో నివసించే స్విఫ్టులు గూడు విడిచిన తరువాత 10 నెలల వరకు నేలకు దిగకుండా ఎగురుతూనే ఉండగలవని స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో నిరూపించారు. మన కట్టడాలలో ఉండేది మరొక జాతి. నల్లని ఒంటిపై నడుము దగ్గర తెల్లని పట్టీ, తెల్లని గొంతు దాని గుర్తులు. కోటలు, గోపురాలు, మసీదులు, వంతెనలు దానికి ప్రీతిపాత్రమైన స్థలాలు. గూళ్ళన్నీ ఒకేచోట గుంపుగా కడుతుంది. వాటిని గుడ్లు పెట్టడానికే కాక, ఏడాది పొడవునా రాత్రి విశ్రాంతికి కూడా వాడుకొంటుంది. రెండు మూడు తెల్లని గుడ్లు పెడుతుంది. వాటిని సుమారు 3 వారాలు పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మరో 5 నుంచి 7 వారాలు పడుతుంది. నేను గాలిలోకి విసిరిన పిల్లకు ఆ గడువు పూర్తి కాలేదు.

ఇదే కుటుంబంలోని మరొక పక్షి తాటిచెట్టును ఆశ్రయించింది. వేలాడే తాటాకు అడుగుభాగాన, ముడతల మధ్య, చిన్న దోసిలి వంటి గూటిని లాలాజలంతో అతికిస్తుంది. ఎంత గాలి వీచినా ఆకుతోపాటు గూడు ఊగుతుందే గాని ఊడిపడదు. మన కోస్తా ప్రాంతంలో తాటితోపులు తగ్గితే నష్టపోయేది కల్లుగీత కార్మికుడు మాత్రమే కాదు. ఆ చిన్న పక్షికి కూడా తాడిచెట్టు జీవనాధారం.

పిచ్చుక సంగతి వేరు. దానికి గోడలో రంధ్రం, ధాన్యపు గింజ, పిల్లల నోటికందించడానికి మెత్తని పురుగు కావాలి. పిచ్చుకలు అంతరించిపోతున్నాయనీ, సెల్‌ఫోను టవర్లే అందుకు కారణమనీ చాలామంది చెబుతారు. ఈ మాటను జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది. భారతీయ పక్షుల స్థితిపై 2020లో వెలువడిన జాతీయ నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య 25 ఏళ్ళకు పైగా దాదాపు నిలకడగానే ఉంది. హైదరాబాదుతో సహా ఆరు మహానగరాలలో మాత్రం క్రమంగా తగ్గుతున్నది. టవర్ల వల్లనే తగ్గుతున్నాయనడానికి తగిన ఆధారాలు లభించలేదు. పురుగులు తగ్గడం, గూటికి అనువైన చోట్లు లేకపోవడం వంటివే కారణాలుగా కనిపిస్తున్నాయి. నునుపైన సిమెంటు గోడ, అద్దాల కిటికీ, సందులేని స్లాబు ఉన్న ఇంటిలో మనిషికి సౌకర్యం పెరిగింది. పిచ్చుకకు ప్రవేశం లేదు.

ఇటువంటి లోటును గుర్తించి సరిదిద్దుకొన్న సమాజాలు లేకపోలేదు. వాటిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. గోదావరి సీమలో, ముఖ్యంగా కోనసీమలో, కోతల తరువాత రైతులు వరికంకులను అందమైన కుచ్చులుగా అల్లి ఇంటి వసారాలోనూ, దేవాలయ మంటపాలలోనూ వేలాడదీసే ఆచారం ఉంది. సంక్రాంతి వేళ పండిన పంటలో తొలి భాగం పిచ్చుకలది. ఎవరూ శాసనం చేయలేదు. ఎవరూ పురస్కారం ఇవ్వలేదు. పంట చేతికి వచ్చిన ఇంటివారు తాము తినడానికి ముందు పిట్టను తలచుకొన్నారు.

అనంతపురం సీమలో, కర్ణాటక సరిహద్దున చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే గ్రామం ఉంది. అక్కడ పసుపుపచ్చ ముక్కు, గులాబిరంగు ఈకలు గల పెద్ద కొంగలు ఏటా వచ్చి ఊరినడుమ ఇళ్ళ పక్కనున్న చెట్లపై గూళ్ళు కడతాయి. రెట్టల వాసన, పిల్లల అరుపులు గ్రామస్థులకు కొత్త కాదు. అయినా ఆ పక్షులు రావడం ఊరికి శుభమని వారు నమ్ముతారు. వాటిపై చేయి వేయనివ్వరు. సూళ్ళూరుపేట సమీపంలోని నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పైరుకు బలమని ఎరిగిన రైతులు వాటిని తరతరాలుగా కాపాడారు. ఆ చెరువును 1976లో ప్రభుత్వం పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. ప్రభుత్వ ప్రకటన వెనుక ప్రజల నమ్మకం ఉన్నదని మరువరాదు.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అండమాన్ దీవులలో జరిగిన కృషి ఇంకా ప్రత్యేకమైనది. అక్కడి సున్నపురాతి గుహలలో స్విఫ్టుల కుటుంబానికే చెందిన ఒక చిన్న పక్షి కేవలం తన లాలాజలంతో తెల్లని గూడు కడుతుంది. ఆ గూళ్ళతో చేసే పులుసుకు చైనా దేశంలో ఎంతో గిరాకీ ఉంది. ఆ ధరకు ఆశపడి గూళ్ళను గుడ్లతో, పిల్లలతో సహా దోచుకొనడం వల్ల ఆ పక్షుల సంఖ్య దారుణంగా పడిపోయింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర, ప్రకృతి విజ్ఞాన కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990 దశకంలో గుహ గుహకూ తిరిగి ఈ పతనాన్ని నమోదు చేశారు. 1999 నుంచి అటవీశాఖతో కలిసి ఆయన చేపట్టిన పథకంలోని విశేషం ఒకటుంది. గూళ్ళను దొంగిలించిన చేతులనే వాటికి కాపలా పెట్టారు. ఏ గుహలో ఎక్కడ గూడు ఉందో వారికన్న బాగా తెలిసినవారు లేరు గదా! ఇండోనేషియాలో వలె ఇళ్ళలో ఈ పక్షులను పెంచే పద్ధతిని కూడా అక్కడ ప్రయత్నించారు. ఇళ్ళలో గూడుకట్టే మరొక జాతి స్విఫ్టుల గూళ్ళలో వీటి గుడ్లను ఉంచడం ఆ పద్ధతి. పెంపుడు తల్లి దగ్గర పెరిగిన పిల్ల ఆ ఇంటినే తన పుట్టినిల్లుగా భావిస్తుంది. 2009లో రవి శంకరన్ అకాలమరణం పొందారు. నేరస్థుడని ముద్రపడినవానిని రక్షకునిగా మార్చవచ్చునన్న ఆయన పాఠం మాత్రం మిగిలింది.

విదేశాలలో స్విఫ్టుల కోసం జరిగే ప్రయత్నాలు కూడా గమనింపదగినవి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియం గోపురంలోని గాలిగవాక్షాల వెనుక డేవిడ్ లాక్ అనే శాస్త్రజ్ఞుడు గూటిపెట్టెలను అమర్చి, 1948 నుంచి ఆ పక్షుల జీవితాన్ని పరిశీలించాడు. ఆయన వ్రాసిన పుస్తకం 1956లో వెలువడింది. నేడు ఐరోపాలోని అనేక పట్టణాలలో గోడ కట్టేటప్పుడే లోపల బోలుగా ఉన్న ప్రత్యేకమైన ఇటుకను అమరుస్తున్నారు. వెలుపలినుంచి సన్నని సందు మాత్రమే కనిపిస్తుంది. లోపల ఒక కుటుంబం వర్ధిల్లుతుంది. జెరూసలేం నగరంలోని ప్రాచీనమైన పశ్చిమ కుడ్యపు పగుళ్ళలో స్విఫ్టులు గూళ్ళు కడతాయి. వసంతంలో అవి తిరిగివచ్చినప్పుడు ప్రజలు గుమిగూడి స్వాగతం పలుకుతారు. ఏటా జూన్ 7న ప్రపంచ స్విఫ్టుల దినం, మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుకొంటున్నారు. పిచ్చుకల దినం 2010లో మన దేశీయుల చొరవతోనే ప్రారంభమైంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. పిట్టలు ఇంటిని మురికిచేస్తాయి గదా, వాటిని ఎందుకు భరించాలి? ఈ ప్రశ్న అసమంజసమైనది కాదు. ప్రతిదినం వసారా ఊడ్చే ఇల్లాలి శ్రమను తక్కువ చేయరాదు. అయితే దీనికి ఉపాయం కష్టమైనది కాదు. గూటికి కొంచెం కింద ఒక పలకనో అట్టనో బిగిస్తే రెట్టలు దానిపైనే పడతాయి. సున్నం వేయించే ముందు, పాత కట్టడం కూల్చే ముందు గూళ్ళలో గుడ్లు, పిల్లలు ఉన్నాయేమో పరిశీలించాలి. ఉంటే ఆ మూలను కొద్ది వారాలు విడిచిపెట్టాలి. గుడికి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు పనికిరాని పగుళ్ళను పూడ్చినా, కట్టడానికి హాని చేయని సందులను ఉంచవచ్చు.

పిచ్చుకకు పెట్టె కట్టదలచినవారు కొన్ని మెలకువలు పాటించాలి. ప్రవేశరంధ్రం 32 మిల్లీమీటర్లుంటే పిచ్చుకకు చాలు, పావురం దూరలేదు. రంధ్రం ముందు కర్రముక్క అవసరం లేదు. అది కాకికి, పిల్లికి ఊతమవుతుంది. మన సీమ ఎండకు రేకుడబ్బా పొయ్యిలా కాగుతుంది కనుక చెక్కపెట్టె గాని, మట్టికుండ గాని వాడాలి. పడమటి ఎండ తగలకుండా ఉత్తర, తూర్పు గోడలకు ఎత్తుగా కట్టాలి. పెట్టె కట్టినంత మాత్రాన పని ముగియదు. పిచ్చుకపిల్ల మొదటి రోజులలో పురుగులనే తింటుంది. పెరటిలో పురుగుమందు చల్లుతూ గోడకు గూడు వేలాడదీయడం, విస్తరి వేసి అన్నం పెట్టకపోవడం వంటిది. స్విఫ్ట్ నేలపై పడి కనిపిస్తే నేను చేసిన పొరపాటు చేయరాదు. గాయం లేని పెద్దపక్షి అయితే చదునైన అరచేతిపై ఉంచి, ఎత్తైన చోట నిలబడితే తనంతట తానే ఎగిరిపోతుంది. పిల్ల అయితే దాని గూటికి చేర్చడమే మార్గం.

ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం, ప్రకృతిని కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతున్నది. ఈ దయ మన సాహిత్యానికి కూడా కొత్త కాదు. దర్శి సీమకు పొరుగున ఉన్న వినుకొండ గడ్డపై పుట్టిన గుఱ్ఱం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించారు. దేవాలయంలో అడుగుపెట్టనివ్వని మనిషి, ఆ ఆలయంలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో తన ఆవేదనను శివునికి విన్నవించమంటాడు. మనుషులు మూసిన తలుపు గబ్బిలానికి తెరిచి ఉన్నదని ఆనాడు ఆ మహాకవి ఎత్తిచూపాడు. నేడు మనం ఆ రెండవ తలుపును కూడా మూసివేస్తున్నాం. మనిషికి తెరవవలసిన తలుపులు ఇంకా ఉన్నాయి. అవి తెరవడానికి పిట్ట తలుపు మూయవలసిన పని లేదు.

కొన్నేళ్ళ కిందట నేను ఒక చిన్న ఇల్లు కట్టుకొన్నాను. తూర్పుగోడ పైభాగాన రెండు ఇటుకల మేర సందు వదలమని మేస్త్రికి చెప్పాను. అతడు తాపీ ఆపి నవ్వాడు. "ఏంది సారూ, అందరూ సందులు పూడ్చమంటారు, మీరు వదలమంటారు!" అన్నాడు. సంగతి చెప్పిన తరువాత తానే ఒక పాతకుండ తెచ్చి, మూతిని చిన్నదిగా చేసి, ఆ సందులో అమర్చాడు. మొదటి ఏడు ఎవరూ రాలేదు. రెండవ ఏడు కూడా రాలేదు. మూడవ ఏడు ఉగాదికి ముందు ఒక పిచ్చుక గడ్డిపోచతో వచ్చి కుండ అంచున నిలబడింది. వరండా కప్పు కింద స్విఫ్టుల కోసం విడిచిన మూల మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. వస్తాయో రావో చెప్పలేను. పరోపకారం అన్నది పెద్దమాట. చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన చేతులకు ఒక మూల విడిచిపెట్టడం కనీసధర్మం.

పదాలు – అర్థాలు

సమష్టిగా = అందరూ కలిసి
సీమ = ప్రాంతం
బోదకొట్టం = బోదగడ్డి కప్పిన ఇల్లు
లాలాజలం = నోటిలో ఊరే ఉమ్మి
గవాక్షం = కిటికీ, గాలి వచ్చే సందు
కుడ్యం = గోడ
జీర్ణోద్ధరణ = శిథిలమైనదానిని బాగుచేయడం
అసమంజసం = తగనిది

అభ్యాసం

అ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. తెలియకపోవడమే ఆనాటి తప్పు.
2. గూళ్ళను దొంగిలించిన చేతులనే వాటికి కాపలా పెట్టారు.
3. నేడు మనం ఆ రెండవ తలుపును కూడా మూసివేస్తున్నాం.

ఆ. వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. పక్షులకు ఆశ్రయం కల్పించేందుకు వివిధ ప్రాంతాల ప్రజలు చేసిన కృషిని వివరించండి.
2. గృహనిర్మాణంలోని మార్పులు పక్షుల జీవనంపై చూపిన ప్రభావాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ. సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. స్విఫ్టుకూ వానకోయిలకూ గల భేదం ఏమిటి?
2. పిచ్చుకల సంఖ్యపై 2020 నివేదిక ఏమి చెబుతున్నది?
3. రచయిత తన ఇంటిలో రెండు చోట్లు ఎందుకు విడిచిపెట్టాడు?

ఈ. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. నేలపట్టు ఏ సంవత్సరంలో పక్షి సంరక్షణ కేంద్రమైంది?
2. వరికుచ్చులు వేలాడదీసే ఆచారం ఏ సీమలో ఉంది?
3. 'గబ్బిలం' కావ్యకర్త ఎవరు?

ఉ. పదాలను విడదీసి సంధి పేరు తెలపండి.
దేవాలయం, జీవనాధారం, పరోపకారం, ప్రత్యేకం

ఊ. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి.
మట్టిమిద్దె, వాడిగోళ్ళు, వెదురుకర్ర

ఋ. ప్రాజెక్టు పని
మీ కళాశాల, ఇల్లు, ఊరిగుడి పరిసరాలలో పక్షులు గూడుకట్టిన చోట్లను ఒక నెలపాటు గూళ్ళను తాకకుండా పరిశీలించండి. ఏ పక్షి, ఏ ఎత్తులో, ఏ దిక్కున గూడు కట్టిందో పట్టికగా వ్రాసి తరగతిలో చర్చించండి. మీ తాతమ్మలను అడిగి, వారి చిన్ననాటి ఇంటిలో ఏ పిట్టలు ఉండేవో తెలుసుకొని, రెండింటినీ పోల్చండి.